గెలల లెక్క, తలల లెక్క

రావులపాలెం అరటి మార్కెట్టులో గెలల మీద కమీషను వ్యాపారం నడుస్తుంది. చాలా విదేశీ యూనివర్సిటీలు మన పిల్లల్ని చేర్చుకునేదీ ఇదే పద్ధతిలో: పంపిన కన్సల్టెన్సీకి ఫీజులోంచి కమీషను ముడుతుంది. ఆ లెక్కలో అందరూ ‘అంతర్జాతీయ విద్యార్థులే’. ఈ ఒక్క మాట కింద కులం మాయమైపోతోందని మేమంటున్నాం.

సీటొస్తే సరిపోదు, డబ్బు చూపించాలి. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతాయి. కోనసీమలో కొబ్బరితోట ఉన్న అగ్రకులపోడు తోట కాగితాలు పెడతాడు. అదే తోటలో కూలికెళ్ళే మాలమాదిగల పిల్లలు ఏ కాగితం పెట్టాలి?

1913లో అంబేద్కర్ కొలంబియాకి వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో, తనఖాతో కాదు. ఆయన పేరిట ఉన్న మన రాష్ట్ర విదేశీ విద్యా పథకానికి 2022లో పేరు మార్చారు. 2024లో మళ్ళీ ఆయన పేరే పెట్టారు. పేరు తిరిగొచ్చినంత మాత్రాన పేటలోని పిల్లకి ఫీజు కట్టినట్టు కాదుగదా!

ఎలాగోలా వెళ్ళినా, ఇంటిపేరు ఆరా తీసే తెలుగువాళ్ళు అక్కడా తగులుతారు. బ్రాండైస్ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కులాన్ని వివక్ష నిషేధ నియమాల్లో చేర్చాయి. మిగతావి ఎందుకు చేర్చవు?

కమీషనుకి డబ్బున్న యూనివర్సిటీకి, దళిత విద్యార్థి ఫీజు మాఫీకి లేదా? మేమడిగేది దయ కాదు, వాటా.