తండేలు శిష్యరికం

ఋషికుల్య నది కడలిలో కలిసే చోట, ఒడిశాలోని గంజాం జిల్లా పొడంపేటలో, తెలుగు మాట్లాడే జాలరి కుర్రాళ్లకు గురువంటే పడవ నడిపించే పెద్ద, తండేలే. కాషాయం లేదు, మంత్రోపదేశం లేదు. ఏళ్ల తరబడి ఆయన వెంట తిరగడమే దీక్ష. మొదటి పాఠం చిరిగిన వల: కాలి బొటనవేలికి తగిలించి, బిగువుగా లాగి, కన్నుకన్నుకీ ముడి వేయాలి. ముడి జారితే మళ్లీ మొదటికే. తర్వాత ఒడ్డున నిలబడి అలలను చదవాలి. పెద్ద అలలు వరసగా విరిగి, కాస్త తెరిపిచ్చాకే పడవ దించుతారు. “ఇంకా ఆగరా” అంటే ఆగడం అన్నిటికన్నా కష్టమైన చదువు.

తీరం కోతకు గురై పాత ఊరు కడలి పాలై, జనం కొత్త చోటికి తరలారు. ఇళ్లు పోయినా విద్య పోలేదు. ఆశ్రమంలో పొరపాటుకు మందలింపు, ఇక్కడ ప్రాణగండం. అందుకే ఈ గురువులకూ శిష్యులకూ దండం పెట్టాలి.