తీగ ఎంత ఎత్తున కట్టారు?

సైనిక రేడియో అనగానే అందరి కళ్లూ పెట్టె మీదికే పోతాయి. ఎన్ని వాట్లు, ఎన్ని ఛానళ్లు, ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిది అని అడుగుతారు. ఏళ్ల తరబడి హెచ్‌ఎఫ్ వ్యవస్థల డిజైన్‌లో ఉన్న నేను మాత్రం మొదట యాంటెన్నా సంగతే అడుగుతాను.

హెచ్‌ఎఫ్ అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్. ఈ తరంగాలు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఐనోస్ఫియర్ దాకా పోయి మళ్లీ నేలకు దిగుతాయి. ఉపగ్రహం లేకుండానే వేల కిలోమీటర్లు మాట చేరేది అందువల్లే. చిక్కల్లా దగ్గరి దూరంతోనే. కొండల్లో నేలనంటి పోయే తరంగం త్వరగా నీరసించిపోతుంది. పైనుంచి దిగేది ఎక్కడో దూరాన దిగుతుంది. నడుమనున్న వాళ్లకు ఏమీ వినపడదు. హిమాలయాల్లో పక్క లోయలోని దళం సరిగ్గా ఆ నడుమే పడుతుంది. వీహెచ్‌ఎఫ్ వాడదామంటే శిఖరం అడ్డం.

అలాంటి చోట తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపాలి. అప్పుడది వానలా చుట్టూ వందల కిలోమీటర్ల మేర దిగుతుంది, కొండకు ఇవతలా అవతలా కూడా. దానికి పొడవాటి స్తంభాలేమీ మోయనక్కర్లేదు. 5 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 60 మీటర్లు. అందులో సగం, అంటే సుమారు 30 మీటర్ల తీగను రెండు చెట్ల మధ్య నాలుగైదు మీటర్ల ఎత్తున కడితే చాలు. వాహనం మీది నిలువు కడ్డీ నడినెత్తికి దాదాపు ఏమీ పంపదు. దాన్నే వంచి అడ్డంగా కట్టేస్తే పనిచేస్తుంది. ఇంత చౌకైన, ఇంత అందమైన పరిష్కారం నా వృత్తిలో మరొకటి లేదు.

ఫ్రీక్వెన్సీ ఎంపిక ఇంకో పెద్ద పని. పగలు పనిచేసిన ఫ్రీక్వెన్సీ రాత్రి ఐనోస్ఫియర్‌ను చీల్చుకుని పైకి పోతుంది. భూ అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణాది మీదుగానే పోతుంది కాబట్టి, పొద్దు గూకాక ఇక్కడి ఐనోస్ఫియర్ తరచూ అల్లకల్లోలమవుతుంది. యూరప్ ఆకాశాన్ని బట్టి వేసిన లెక్కలు ఇక్కడ యథాతథంగా చెల్లవు. ఆటోమేటిక్ లింక్ ఎస్టాబ్లిష్‌మెంట్ వచ్చాక ఉన్నవాటిలో మంచి ఛానల్‌ను రేడియోనే వెతుక్కుంటోంది. అయితే తీగ తప్పుగా కడితే అదీ ఏం చేయలేదు.

2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్‌పై దాడి మొదలైన రోజే, సైబర్ దాడితో కేఏ-శాట్ ఉపగ్రహ మోడెమ్‌లు వేల సంఖ్యలో మూగబోయాయి. అలాంటి రోజున సైనికుడికి మిగిలేది ఈ తీగే. సిగ్నల్స్ శిక్షణ రూపొందించేవారికి నా మనవి ఒక్కటే: యాంటెన్నా కట్టించే గంటలను తగ్గించకండి.