‘బ్రేక్’ ఇన్‌పుట్ వివరణ: ఒక విమర్శ

పీడబ్ల్యూఎం పల్సులతో మోటారును నడిపే ఇన్వర్టర్‌లో ఒక్కో ఫేజ్‌కు పైన ఒకటి, కింద ఒకటి స్విచ్‌లు ఉంటాయని చదువుకున్నాం. రెండూ ఒకేసారి ఆన్ అయితే సప్లై షార్ట్ అవుతుంది. చాలా ఐజీబీటీలు దానిని సుమారు 10 మైక్రోసెకన్లకు మించి తట్టుకోలేవు. ఆలోగా పల్సులను తెంపడానికి ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్‌లోని టిమ్1 టైమర్‌కు ‘బ్రేక్’ అనే ఇన్‌పుట్ ఇచ్చారు. దీనిని ఆర్ఎం0008 రిఫరెన్స్ మాన్యువల్ ఎలా వివరించిందో పరిశీలిద్దాం.

ముందు పేరు సంగతి. తెలుగు లిపిలో రాస్తే బండిని ఆపే బ్రేకూ ఇదీ ఒకటిగానే కనిపిస్తాయి. ఉస్మానియా ప్రాంగణానికి దగ్గర్లోని తార్నాక స్టేషన్‌లో మెట్రో రైలు వేగం తగ్గేటప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి విద్యుత్తును వెనక్కి పంపుతాయి. ఇన్వర్టర్ పల్సులు ఉంటేనే ఆ పని జరుగుతుంది. పల్సులు తెగితే చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, ఆపవలసింది యాంత్రిక బ్రేకులే. అంటే ఈ ‘బ్రేక్’ స్విచ్‌లను కాపాడుతుందే గాని లోడ్‌ను ఆపదు. మాన్యువల్ వివరణలో ఆ హెచ్చరిక లేదు.

హార్డ్‌వేర్ మాత్రం మెచ్చదగినది. సంకేతం రాగానే అవుట్‌పుట్‌లను అనుమతించే ఎంఓఈ బిట్ క్లాక్ కోసం ఆగకుండా సున్నా అవుతుంది. ఆసిలేటర్ ఆగిపోయినా ఇది పనిచేస్తుంది. ప్రయోగ పుస్తకాలలో తరచు కనిపించే ఇంటరప్ట్ ప్రోగ్రాంతో దీన్ని పోల్చండి. 72 మెగాహెర్ట్జ్ వద్ద ఇంటరప్ట్‌లోకి వెళ్ళడానికి కనీసం 12 సైకిళ్ళు, అంటే మైక్రోసెకనులో ఆరో వంతు పడుతుంది. కాబట్టి లోపం వేగంలో లేదు. ఇంకా ప్రాధాన్యం గల ఇంటరప్ట్ నడుస్తున్నా, ప్రోగ్రాం ఇంటరప్ట్‌లను మూసి ఉంచినా ఈ లెక్క చెల్లదు.

ఏఓఈ బిట్ 1 అయితే, బ్రేక్ సంకేతం తొలగాక అవుట్‌పుట్ తనంతట తానే తిరిగి వస్తుంది. ఇది కరెంటును అదుపు చేయడానికి సరే, షార్ట్‌కు పనికిరాదు. మాన్యువల్ ఈ రెండు వాడుకలనూ వేరుగానే చెప్పింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సీ2000 చిప్‌లలో వీటికి దగ్గరి రకాలను సైకిల్-బై-సైకిల్, వన్-షాట్ అంటారు. పని పేరులోనే తెలుస్తుంది కనుక అవే మెరుగు.

అసలు లోపం ఓఎస్‌ఎస్‌ఐ బిట్ దగ్గర ఉంది. రీసెట్ తర్వాత దాని విలువ 0. అలాగే వదిలేస్తే బ్రేక్ వచ్చినప్పుడు టైమర్ పిన్‌ను పట్టి ఉంచదు, వదిలేస్తుంది. పుల్‌డౌన్ రెసిస్టర్ లేకపోతే అప్పుడు గేట్ డ్రైవర్ ఏమి చదువుతుందో చెప్పలేం. డ్రైవర్ సున్నాకు ఆన్ అయ్యే రకమైతే పుల్‌డౌనే స్విచ్‌ను ఆన్ చేస్తుంది, అక్కడ పుల్‌అప్ కావాలి. ఓఎస్‌ఎస్‌ఐ బీడీటీఆర్ రిజిస్టర్‌లో, అవుట్‌పుట్ నిలవవలసిన స్థాయి సీఆర్2లో, రీసెట్‌లో పిన్ స్థితి జీపీఐఓ అధ్యాయంలో ఉన్నాయి. డ్రైవర్ సంగతి వేరే డేటాషీట్‌లో ఉంటుంది. తప్పు జరిగిన క్షణంలో గేట్ మీద ఏ ఓల్టేజి ఉంటుందన్న ప్రశ్నకు జవాబు విద్యార్థి ఈ నాలుగు చోట్లా వెతికి కలుపుకోవాలి.

మోటారు సప్లై కలపకుండానే దీన్ని పరీక్షించవచ్చు. పీబీ12 పిన్‌పై బ్రేక్ సంకేతం ఇచ్చి ఆసిలోస్కోప్‌ను గేట్ వద్ద పెట్టండి. తర్వాత రీసెట్ బటన్‌ను నొక్కి పట్టుకుని మళ్ళీ చూడండి.