గాలం విసిరే విద్య హాటరస్‌లో చూడాలి

నార్త్ కరోలినాలో ఉంటూ వారాంతాల్లో జోర్డన్ లేక్‌లో బాస్‌కీ, క్యాట్‌ఫిష్‌కీ గాలం వేసే మనవాళ్లు లేకపోలేదు. చేతిలో ఒడుపుంది, ఓపికుంది. సముద్రం అనేసరికి మాత్రం పడవ మాట్లాడుకోవాలనుకుంటారు. పడవ ఎందుకండీ! కారులో నాలుగైదు గంటలు పోతే కేప్ హాటరస్. ఒడ్డున నిలబడి సముద్రపు చేపను పట్టే విద్యకు అంతకు మించిన బడి ఈ దేశంలో లేదు. ఫ్లోరిడా వాళ్లు ఒప్పుకోకపోతే పోనీ.

చల్లటి లాబ్రడార్ ప్రవాహం, వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ అక్కడే ఎదురుపడతాయి, అందుకే అన్ని చేపలంటారు. 1973లో ఎల్విన్ హూపర్ ఆ తీరంలోనే రొడాంతి పియర్ మీద 90 పౌండ్ల రెడ్ డ్రమ్‌ను పట్టాడు. ఇంకెవరు దాటతారనుకుంటే, 1984 నవంబర్ 7న డేవిడ్ డ్యూయెల్ అదే తీరాన ఏవన్‌లో 94 పౌండ్ల 2 ఔన్సుల దాన్ని లాగాడు. అదీ ఇసుకలో నిలబడి! ఆ ప్రపంచ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు.

లేక్‌లో చెట్టు మొదళ్లు, గడ్డి చూసి విసురుతాం. ఇక్కడ కెరటాన్ని చూడాలి. నీరు వెనక్కి తీసినప్పుడు ఒడ్డు వెంట నడవండి. కెరటం తెల్లగా విరిగిందంటే కింద ఇసుకమెట్ట ఉన్నట్టు. మెట్టకూ ఒడ్డుకూ మధ్య విరగకుండా ముదురుగా కనిపించేది లోతు. మెట్టకు గండి పడిన చోట పెద్దవి కాచుకుంటాయి. పాంపనో, సీ మల్లెట్ అయితే మీ మోకాళ్ల దగ్గరే తిరుగుతుంటాయి. కొత్తవాళ్లు బలమంతా పెట్టి వాటి తలమీదుగా విసిరేసి, చేపల్లేవని తిరిగొస్తారు.

ఎర కూడా కాళ్లకిందే ఉంది. కెరటం జారిపోతుంటే తడి ఇసుక మీద సన్నటి గీతలు పడి, అంతలోనే మాయమవుతాయి. అక్కడ రెండు చేతులా తవ్వాలి. బొటనవేలి కొసంత బూడిదరంగు పీత, సాండ్ ఫ్లీ, వెనక్కి వెనక్కి ఇసుకలోకి దిగిపోతూ దొరుకుతుంది. కడుపు కింద నారింజరంగు గుడ్లున్నదైతే పాంపనో వదలదు.

పెద్ద డ్రమ్‌కు మాత్రం దూరం కావాలి. పన్నెండు పదమూడడుగుల రాడ్, 8 ఔన్సుల సీసం, మెన్‌హాడెన్ చేప ముక్క. ఆరితేరినవాడు విసురుతుంటే కళ్లు తిప్పుకోలేం. సముద్రానికి ఇంచుమించు వీపు పెడతాడు. బరువు వెనక కాలి మీంచి ముందు కాలికి వస్తుంది, నడుము తిరుగుతుంది, చేతులు ఆఖరున కదులుతాయి. పై చెయ్యి నెడుతుంది, కింది చెయ్యి రొమ్ముకు లాక్కుంటుంది. రీల్ మీంచి బొటనవేలు లేస్తుంది, సీసం నీటిని తాకేసరికి మళ్లీ ఆనుతుంది. ఎంత లెక్క, ఎంత అందం! సీసం ఔన్సుకు పది పౌండ్ల బలం లెక్కన షాక్ లీడర్, అంటే లైన్ కొసకు మందపాటి దారం, కట్టడం మరవద్దు. లైన్ తెగితే ఆ సీసం తుపాకీ గుండే.

ఇంత విద్య ఉండగా డ్రోన్‌కు ఎర కట్టి మెట్ట అవతల పడేసి, తామూ చేప పట్టామని ఫోటోలు పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండిపోతుంది. హాటరస్‌లోని నేషనల్ సీషోర్ పరిధిలో డ్రోన్ ఎగరేయడమే నిషేధం, అయినా బయట బీచ్‌లన్నిటా ఇదే గోల. నడుము తిరగలేదు, కెరటం చదవలేదు, ఏం పట్టినట్టు? సూపర్‌మార్కెట్ రాడ్ సెట్లు ఇంకో దరిద్రం. సీసానికీ హుక్‌కూ మధ్య పొడుగు లీడర్‌తో వచ్చే వాటి హుక్ డ్రమ్ కడుపులోకి దిగిపోతుంది. కరోలినా నీళ్లలో 60 ఏళ్లు దాటి బతికిన డ్రమ్‌లున్నాయి. అలాంటిదాన్ని చవక హుక్‌తో చంపే హక్కు ఎవరిచ్చారు?

అయ్యా, కురచ లీడర్ కట్టండి, ముల్లు నొక్కేసిన సర్కిల్ హుక్ వాడండి. 18 నుంచి 27 అంగుళాల లోపు డ్రమ్‌ను రోజుకొక్కటే ఉంచుకోవచ్చు. పెద్దదాన్ని పొడి ఇసుక మీద ఈడ్వకండి, రెండు చేతులా పట్టుకుని నీళ్లలోకి దిగి వదలండి. చెరువు లైసెన్స్ ఇక్కడ చెల్లదు, సముద్రానిది వేరే తీసుకోవాలి. బయలుదేరే ముందు ఖాళీ మైదానంలో హుక్ లేకుండా, ఉత్త సీసంతో, నడుము తిరిగేదాకా విసరండి.