రాతి మేలిముసుగు నేర్పే పాఠం

ఫ్యాషన్ డిజైనింగ్ చదివే పిల్లలు కొత్త ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లమంటాను. అక్కడ కూడా ముందు బట్టలు చూడొద్దు, 'వెయిల్డ్ రెబెకా' ఎదుట నిలబడండి అంటాను.

బైబిల్లో ఇస్సాకును పెళ్లాడబోయే రిబ్కాయే ఈ రెబెకా. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఈ పాలరాతి బొమ్మను నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. మేలిముసుగు చాటున ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది. నిజానికి ముసుగూ రాయే, ముఖమూ రాయే. మరి ఆ పలుచదనం ఎలా వచ్చింది? మడతల వల్ల. గుడ్డ ఒంటికి ఆనిన చోట ఆకారం తేలుతుంది, ఎడంగా ఉన్న చోట సన్నటి మడతలై జారుతుంది. మడత తీరును బట్టే మన కన్ను గుడ్డ బరువును పోల్చుకుంటుంది.

కత్తెర పట్టేవాళ్లకు ఇంతకంటే పెద్ద పాఠం లేదు. షిఫాన్ పైట జారే తీరు వేరు, గంజి పెట్టిన మంగళగిరి చీర కుచ్చిళ్లు నిలిచే తీరు వేరు. డిజైన్ గీసే ముందు గుడ్డను దర్జీ బొమ్మ మీద వేసి, అది ఎటు పడుతుందో చూడాలి. మన గీత దాని నడకకు లోబడాలి.

చాలామంది మ్యూజియంలో నచ్చిన పువ్వునో లతనో ఫోన్లో ఫొటో తీసుకుని, అలాగే గుడ్డ మీద అచ్చు వేయిస్తారు. అది నకలే అవుతుంది. 1965లో ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సాన్ లొరాన్, చిత్రకారుడు మోండ్రియన్ గళ్ల చిత్రాల స్ఫూర్తితో గౌన్లు చేసినప్పుడు రంగుల గళ్లను అచ్చు వేయలేదు. ఉన్ని జెర్సీని ముక్కలుగా కత్తిరించి అతికించారు. చిత్రం చదునైనది, ఒళ్లు వంపులు తిరిగినది. ఆ వంపులకు కావలసిన మలుపులన్నీ ముక్కలు కలిసే కుట్లలోనే దాచేశారు. అందుకే ఆ గౌను ఇప్పటికీ పాఠ్యాంశం.

మ్యూజియంలో నల్లటి లోహం మీద వెండి పొదిగిన బిద్రీ పాత్రల దగ్గరా ఇదే పద్ధతి. తీగల డిజైన్ సరే, అంత నలుపులో వెండిని ఎంత పొదుపుగా వాడారో కొలవండి. నల్ల పట్టు మీద జరీ ఎంత ఉంటే చాలో అక్కడే తెలుస్తుంది.

ఒక వస్తువును ఎంచుకోండి. చేసినవాడికి ఎదురైన చిక్కేమిటి, దాన్నెలా విప్పాడు అని అడుగుతూ పెన్సిల్‌తో గీయండి. గీస్తున్నప్పుడు చెయ్యి నేర్చుకునేది ఫొటో నేర్పలేదు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో ఎప్పుడైనా ఒక పూట దీనికి కేటాయించండి.