ముందు టీచర్లు చూడాలి

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు సంగీత గడియారం ముందు జనం చేరతారు. కుర్చీల్లో కూర్చుని, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని, గడ్డం మనిషి బొమ్మ ఎప్పుడు బయటికొస్తుందా అని గడియారం మీంచి కళ్లు తిప్పకుండా చూస్తారు. మన మ్యూజియాల్లో జనం ఒక వస్తువు ముందు తీరిగ్గా ఆగడం నేను ఎక్కువగా చూసింది అక్కడే. మిగతా గదుల్లో అంతా నడకే. బడి పిల్లలదైతే పరుగు. ‘లైన్లో రండి, ముట్టుకోవద్దు, పక్కన రాసింది నోట్సులో ఎక్కించుకోండి’ అంటూ టీచర్లు తలలు లెక్కపెట్టుకుంటుంటారు. వాళ్లను తప్పుపట్టను. అరవైమందిని బస్సులోంచి దింపి మళ్లీ బస్సెక్కించే బాధ్యత వాళ్లది. మ్యూజియంలో పాఠం ఎలా చెప్పాలో వాళ్లకెవరూ నేర్పలేదు.

టీచర్లకు శిక్షణ ఇచ్చే అవకాశం వచ్చినప్పుడల్లా నేను మొదట ఎంచుకునేది అమరావతి శిల్పం. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో నాలాగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఉంది. అంత దూరం వెళ్లలేనప్పుడు పెద్ద ఫొటోతో సరిపెట్టుకుంటాం. పేరు చెప్పను, కథ చెప్పను. కాసేపు ఊరికే చూడమంటాను. చెప్పడమే వృత్తిగా బతికినవాళ్లకు మాట్లాడకుండా చూడటం చాలా కష్టం. కాసేపటికి ఎవరో ఒకరు ‘ఏనుగులు రెండున్నాయండీ’ అంటారు. ‘పైన కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు’ అని ఇంకొకరు. చివరికి ఎవరికో తడుతుంది: ‘రెండు కాదండీ, ఒకటే ఏనుగు. ఇటు జనాన్ని తొక్కేస్తోంది, అటు బుద్ధుడి ముందు మోకరిల్లింది.’ ముందు జరిగినదీ తర్వాత జరిగినదీ ఒకే రాయిలో పక్కపక్కనే చెక్కిన శిల్పి నేర్పు అప్పుడు వాళ్లంతట వాళ్లకే దొరుకుతుంది.

ఈ పద్ధతి నా సొంతం కాదు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో విద్యా విభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్, పరిశోధకురాలు అబిగైల్ హౌసెన్ కలిసి దీన్ని రూపొందించారు. అక్కడి ఉపన్యాసాలు సందర్శకులకు బాగా నచ్చేవి. తీరా పరీక్షించి చూస్తే, విన్నదాంట్లో వాళ్లకు మిగిలింది చాలా తక్కువ. అందుకని ఉపన్యాసం పక్కనపెట్టి మూడు ప్రశ్నలు పట్టుకున్నారు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనబడుతోంది? రెండో ప్రశ్నే నాకు ప్రాణం. అభిప్రాయానికి ఆధారం చూపించమని పిల్లల్ని అడగడం చరిత్ర పాఠానికి అసలైన పునాది.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లతో పూర్తిగా ఏకీభవించను. ఆ పద్ధతిలో సమాచారం వీలైనంత వెనక ఉంచుతారు. అమరావతి దగ్గర అది చాలదు. 1797లో బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ అమరావతి స్తూపం దిబ్బను చూడటం, 1845లో మరో అధికారి వాల్టర్ ఇలియట్ దాన్ని తవ్వించడం, కృష్ణ ఒడ్డున ఉండాల్సిన శిల్పాల్లో వందకు పైగా లండన్ చేరడం మన పిల్లలకు తెలియాలి. చూడటం అయ్యాక, పిల్లలే ‘ఇదెక్కడిది?’ అని అడిగాక చెబుదాం. అడిగినవాడికి చెప్పింది నిలుస్తుంది.

అడిగేదాకా ఆగడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో తరగతి గదుల మాటలు రికార్డు చేసి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారట. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. మూడంటే మూడు సెకన్లు! దీనికి బడ్జెట్ అక్కర్లేదు, సాధన కావాలి.

ఆ సాధన టీచర్లకే కాదు, గదిలో స్టూలు మీద కూర్చునే అటెండర్లకూ కావాలి. పిల్లలు ఎక్కడ ఆగుతారో, ఏ బొమ్మను చూసి నవ్వుతారో, ఏ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుందో క్యురేటర్ కంటే వాళ్లకే బాగా తెలుసు. అయినా శిక్షణ పిలుపు వాళ్లదాకా రాదు. వాళ్ల పని ‘దూరం, దూరం’ అనడమే అన్నట్టు చూస్తాం. టీచరు, అటెండరు ఒకే బల్ల దగ్గర కూర్చుని ‘ఈ గదిలో మూడే వస్తువులు చూపించాలంటే ఏవి?’ అని మాట్లాడుకోవాలని నా కోరిక.

సంస్కృతిని పాఠంతో కలపడంలో టీచర్లకు శిక్షణ ఇచ్చే సీసీఆర్‌టీ అనే సంస్థ 1979 నుంచీ ఉంది. హైదరాబాద్‌లోనే దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. అయితే వెళ్లొచ్చిన టీచరు బడిలో ఒంటరి అయిపోతే లాభం లేదు. విహారయాత్రకు వారం ముందు ఇద్దరు టీచర్లు మ్యూజియానికి వెళ్లి ఆ మూడు వస్తువులూ ఎంచుకుని రావాలి. ఆ రోజును హెడ్మాస్టరు ఆన్ డ్యూటీగా రాయాలి, బస్సు చార్జీలు బడి ఇవ్వాలి. సొంత సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో వెళ్లి రమ్మంటే ఎవరు మాత్రం ఎన్నాళ్లు వెళ్తారు?