హోము గేటు దగ్గర ఆగిపోయే కథలు

మూడేళ్ల కిందట హైదరాబాదులో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు తమ హోములో ఉన్న ఆడపిల్లల కేసు హిస్టరీలను ఇంగ్లీషు చేసిపెట్టమని అడిగారు. అందరూ అక్రమ రవాణా నుంచి బయటపడ్డ పిల్లలు. విదేశీ దాతలకు పంపే వార్షిక నివేదిక కోసం ఒక్కో పిల్ల గురించీ మూడు వందల మాటల్లో రాయాలి. కథన పద్ధతుల మీద పిహెచ్‌డి చేసినదాన్ని, ఆ మాత్రం సాయం చెయ్యలేనా అనుకుని పన్నెండు ఫైళ్లు ఇంటికి తెచ్చుకున్నాను.

నాలుగో ఫైలు పూర్తయ్యేసరికి ఐదోదాంట్లో ఏముంటుందో ముందే తెలిసిపోయింది. పేదరికం, తాగుబోతు తండ్రి, పని ఇప్పిస్తానన్న మనిషి, రైలు, గది, పోలీసుల దాడి, హోము, కుట్టుమిషను. వరస మారదు. రష్యన్ జానపద కథల్లో ప్రాప్ గుర్తించిన ముప్పై ఒక్క అంశాల గురించి క్లాసులో ఎంతో ఉత్సాహంగా చెప్పేదాన్ని. ఆ ఫైళ్ల ముందు కూర్చున్నప్పుడు అదే గుర్తొచ్చి సిగ్గేసింది.

ఒక్క ఫైల్లో మాత్రం ఈ వరసకు లొంగని పేరా ఉంది. పిల్ల చెప్పింది చెప్పినట్టుగా కౌన్సెలర్ రాసుకున్న పేరా. అందులో కోపం ఉంది. ఆ కోపం తనను అమ్మినవాళ్ల మీద కంటే కాపాడిన మనందరి మీదే ఎక్కువ. ఇంతకు మించి ఇక్కడ చెప్పను. ఆ మాటలు ఆమెవి, ఆమెను అడక్కుండా వాడుకునే హక్కు నాకు లేదు. ఆ పేరా నేనే కొట్టేశాను. ఎవరూ కొట్టేయమనలేదు. మూడు వందల మాటల్లో అది ఇమడలేదు, అంతే అనుకున్నాను అప్పుడు.

ఆ తర్వాత ఎమ్మే పిల్లలకు కన్యాశుల్కం చెబుతుంటే ఆ పేరా మళ్లీ ఎదురొచ్చింది. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విశాఖ ప్రాంతంలో మూడేళ్లలో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్లు 1034. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది వయసువాళ్లు కూడా ముగ్గురున్నారు. అప్పటి ఆచారాన్ని ఇప్పటి చట్టం మాటతో పిలవడం నాకు అంత ఇష్టం ఉండదు. అయినా పసిపిల్లకు ధర కట్టడం, ఆ డబ్బు తండ్రి చేతికి రావడం అనే రెండు సంగతులు మారవు.

నాటకమంతా సుబ్బిని ఆ బేరం నుంచి తప్పించడం కోసం నడుస్తుంది. మేనమామ కరటకశాస్త్రి పన్నాగం పన్నుతాడు, శిష్యుడు ఆడవేషం కడతాడు, మధురవాణి సాయపడుతుంది. ఇంత హడావుడి మధ్య సుబ్బి మాట మనకెక్కడా గుర్తుండదు. క్లాసులో ఒకమ్మాయి, "మేడమ్, సుబ్బికి ఏం కావాలో ఎవరైనా అడిగారా?" అంది. ఇన్నేళ్లుగా పాఠం చెబుతూ నేనూ అడగలేదు. ఇక బుచ్చమ్మ సంగతి. ఆమెను పూనాలోని వితంతువుల హోముకు పంపాలని చివర్లో సౌజన్యారావు పంతులు నిర్ణయిస్తాడు. ఆ రంగంలో బుచ్చమ్మ లేదు. హోములో ఆమెకు ఏమైందో మనకు తెలీదు. గేటు మూసుకోగానే తెర పడుతుంది. నా పన్నెండు ఫైళ్లూ సరిగ్గా అక్కడే ఆగాయి.

గురజాడకు ఇది తెలియక కాదేమో. అదే చివరి రంగంలో మధురవాణి మగవేషంలో వస్తుంది. వేశ్య వేశ్యగా ఆ సంస్కర్త ఇంట్లో అడుగు పెట్టలేదు గదా. ఇంకో పిల్లను కాపాడ్డంలో చెయ్యి వేసిన మనిషికే ఆ గడప దగ్గర మారువేషం కావాల్సి వచ్చింది. 2009లో మైసూరులో జరిగిన టెడ్ సభలో సునీతా కృష్ణన్ ముగ్గురు పిల్లల సంగతులతో మొదలుపెట్టి చివరకు వచ్చేది ఈ గడప దగ్గరికే. చల్లటి హాల్లో కూర్చుని ఈ విషయం వినడం అందరికీ బాగానే ఉంటుంది, బయటపడ్డ అమ్మాయికి మన ఇంట్లోనో ఫ్యాక్టరీలోనో పని ఇమ్మంటేనే వెనక్కి తగ్గుతారన్నది ఆమె ఫిర్యాదు. ఆ ఫిర్యాదు నిజం. దాన్ని వినిపించడానికి మాత్రం ఆమెకు ముందుగా పిల్లల గాయాలు చెప్పాల్సి వచ్చింది. అలా చెప్పకపోతే ఆ హాలు వినేదా? నాకు నమ్మకం లేదు.

ఆమె పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. (నేను ఫైళ్లు తెచ్చుకున్న సంస్థ ఆమెది కాదు.) 1996లో మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించినప్పుడు వీధిన పడ్డ స్త్రీల పిల్లల కోసం ఒక బడితో మొదలైంది ప్రజ్వల. తల్లి బతికిన చోటికి కూతురు చేరకుండా పలకాబలపం చేతికివ్వడం కంటే పెద్ద నివారణ ఏముంటుంది? ఆమె నిర్మించగా రాజేష్ టచ్‌రివర్ తీసిన 'నా బంగారు తల్లి' 61వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రమైంది. హింసను చూపించిన తీరు మీద నాకు అభ్యంతరాలున్నాయి. కానీ ఊళ్లో పరువుగల తండ్రినే ఈ వ్యాపారంలో మనిషిగా నిలబెట్టడం ఆ సినిమా చేసిన పెద్ద పని. బస్టాండుల్లో, బడి గోడల మీద మనం రాసే హెచ్చరికలన్నీ అపరిచితుల గురించే. మేనత్త గురించి, ప్రేమించానన్నవాడి గురించి, నాన్న గురించి ఏ గోడ మీదా రాయం.

పిల్లల్ని సాక్ష్యం కోసం పదేపదే పిలవకూడదని 2012 నాటి పోక్సో చట్టం కోర్టులకు చెప్పింది. మళ్లీ మళ్లీ చెప్పించడమే ఒక హింస అని ఒప్పుకుంటేనే ఆ నియమం పుడుతుంది. నివేదికలకు, సెమినార్లకు, నాలాంటివాళ్ల వ్యాసాలకు అలాంటి నియమం లేదు. పేరు మార్చేస్తే సరిపోతుందనుకుంటాం.

ఇష్టం లేకుండా రక్షణ గృహాల్లో ఉంచిన వయోజన స్త్రీల విషయం సమీక్షించమని 2022 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. మైనరు పిల్లకు అది వర్తించదు. గేటు తీసి పంపేయమని నేనూ అనలేను. ఏ ఇంటికి పంపాలి? కొన్ని ఫైళ్లలో ఆ ఇల్లే అమ్మింది. పంపలేనప్పుడు కనీసం ఆ పిల్ల కోపానికి చోటివ్వాలి గదా అనిపించి, ఆలస్యంగానే అయినా ఆ పేరా పట్టుకుని సంస్థకు వెళ్లాను. నివేదిక అప్పటికే అచ్చయింది. అక్కడ పనులు చూసే ఆవిడ మంచి మనిషి. పేరా అంతా చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది వేస్తే వచ్చే ఏడాది బియ్యం ఎవరు పంపిస్తారమ్మా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లను చూడాలన్నాను. వేరే జిల్లా హోముకు మార్చారట.

ఈ ఏడాది మళ్లీ ఫోను చేశారు, పద్నాలుగు ఫైళ్లున్నాయని. ఒక్క షరతు పెట్టాను. నేను రాసిందాన్ని తెలుగులో ఆ పిల్లకే చదివి వినిపిస్తాను, తను కొట్టేయమన్నది కొట్టేస్తాను, ఉంచమన్నది ఉంచుతాను. కమిటీలో పెట్టి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.